సమశక్మ రేఖలు, సమశక్మ తలాలు

విద్యుత్ క్షేత్రంలో ఒకే విద్యుత్ పొటెన్షియల్ కలిగిన బిందువులన్నీ చేరి ఏర్పడే తలాన్ని సమశక్మ తలం అంటారు. ఈ తలాన్ని కాగితం వంటి చదునైన తలంతో ఖండించినప్పుడు కనిపించే గీతను సమశక్మ రేఖ అంటారు. సమశక్మ తలం వెంబడి ఒక ఆవేశాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి జరిపినా విద్యుత్ బలం చేసే పని శూన్యం. ఈ భావన ఇంటర్మీడియట్ భౌతిక శాస్త్రంలో ఒక చిన్న పాఠంగా కనిపిస్తుంది. కాని భూగర్భ జలాల అన్వేషణకు, సబ్ స్టేషన్ల నిర్మాణానికి, తెగిపడిన కరెంటు తీగ దగ్గర ప్రాణం కాపాడుకోవడానికి కూడా ఇదే ఆధారం.

పేరు

ఇంగ్లీషులోని పొటెన్షియల్ అనే మాటకు తెలుగు పాఠ్యగ్రంథాలలో శక్మం అనే మాట వాడుకలో ఉంది. "చేయగలుగు" అనే అర్థమిచ్చే శక్ అనే సంస్కృత ధాతువుతో దీనికి సంబంధం ఉంది. సమానమైన శక్మం కలది కనుక సమశక్మం. కొన్ని పుస్తకాలలో సమ పొటెన్షియల్ తలాలు అని, సమశక్మ ఉపరితలాలు అని కూడా కనిపిస్తుంది. ఈ వ్యాసంలో రాశికి పొటెన్షియల్ అనే మాటను, రేఖలకు, తలాలకు సమశక్మ అనే మాటను వాడుతున్నాము.

కొల్లేరు కాంటూరుతో పోలిక

సమశక్మ రేఖలను అర్థం చేసుకోవడానికి భూమి పటంపై గీసే సమోన్నత రేఖలు, అనగా కాంటూరు రేఖలు, చక్కగా ఉపకరిస్తాయి. ఏలూరు ప్రాంతంలో కాంటూరు అనే మాట తెలియనివారు అరుదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సు విస్తీర్ణాన్ని సముద్ర మట్టం నుంచి అడుగులలో కొలిచిన కాంటూరులతోనే చెబుతారు. మూడో కాంటూరు వరకు సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు వరకు సుమారు 901 చదరపు కిలోమీటర్లు. 1999లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. పటం మీద ఒక గీత ఎక్కడ పడుతుందనే విషయంపై వేలాది కుటుంబాల జీవనాధారమూ, పక్షుల ఆవాసమూ ఆధారపడిన సందర్భమిది.

భౌతిక శాస్త్ర దృష్టితో చూస్తే కాంటూరు రేఖ కూడా సమశక్మ రేఖే. అయితే అది విద్యుత్ క్షేత్రానిది కాదు, గురుత్వ క్షేత్రానిది. ఒక కిలోగ్రాము నీటిని ఒక మీటరు ఎత్తుకు చేర్చడానికి సుమారు 9.8 జౌళ్ల పని కావాలి. ఐదు అడుగులంటే 1.52 మీటర్లు. కనుక ఐదో కాంటూరును సముద్ర మట్టంతో పోల్చితే కిలోకు సుమారు 15 జౌళ్ల రేఖ అనీ, మూడో కాంటూరును కిలోకు సుమారు 9 జౌళ్ల రేఖ అనీ చెప్పవచ్చు. గాలి, అలలు లేనప్పుడు సరస్సులోని నీటి ఉపరితలం గురుత్వ క్షేత్రంలో ఒక సమశక్మ తలం. అందువలననే దానిపై నీరు ఏ దిక్కుకూ పారక నిలిచి ఉంటుంది.

ఈ పోలిక నుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు.

* మూడో కాంటూరుకు, ఐదో కాంటూరుకు ఎత్తులో తేడా రెండు అడుగులే అయినా, వాటి నడుమ సుమారు 170 చదరపు కిలోమీటర్ల నేల ఉన్నది. నేల చదునుగా ఉన్నచోట కాంటూరు రేఖలు దూరదూరంగాను, ఏటవాలుగా ఉన్నచోట దగ్గరదగ్గరగాను ఉంటాయి. విద్యుత్ క్షేత్రం బలహీనంగా ఉన్నచోట సమశక్మ రేఖలు ఎడంగాను, బలంగా ఉన్నచోట ఒత్తుగాను ఉండడం ఇటువంటిదే.
* ఖమ్మం జిల్లా వైపు నుంచి వచ్చే తమ్మిలేరు, చింతలపూడి మండలంలోని నాగిరెడ్డిగూడెం జలాశయం మీదుగా ఏలూరు చేరి, అక్కడ రెండు పాయలై కొల్లేరులో కలుస్తుంది. నేల మీద పడిన నీరు కాంటూరు రేఖల వెంబడి పారదు, వాటిని అడ్డంగా దాటుతూ పల్లానికి పోతుంది. ధనావేశం మీద విద్యుత్ బలం కూడా సమశక్మ రేఖలకు లంబంగా, ఎక్కువ పొటెన్షియల్ నుంచి తక్కువ పొటెన్షియల్ వైపు పనిచేస్తుంది.
* పల్లం నుంచి మెట్టకు నీరు చేరాలంటే పంపు పని చేయాలి. గోదావరి నీటిని మెట్ట ప్రాంతానికి చేర్చడానికి తలపెట్టిన చింతలపూడి ఎత్తిపోతల పథకంలో పంపులకు ఏ పాత్ర ఉన్నదో, విద్యుత్ వలయంలో బ్యాటరీకి ఆ పాత్రే ఉంటుంది.

ఒక తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి. ద్రవ్యరాశి ఎప్పుడూ ధనాత్మకమే, ఆవేశం మాత్రం ధనాత్మకంగా గాని ఋణాత్మకంగా గాని ఉండవచ్చు. అందువలన ఋణావేశం మీద బలం తక్కువ పొటెన్షియల్ నుంచి ఎక్కువ పొటెన్షియల్ వైపు ఉంటుంది.

నిర్వచనం

అనంత దూరం నుంచి ఒక ప్రమాణ ధనావేశాన్ని, దాని వేగం పెరగకుండా, విద్యుత్ క్షేత్రంలోని ఒక బిందువు వద్దకు తీసుకురావడానికి చేయవలసిన పనిని ఆ బిందువు వద్ద విద్యుత్ పొటెన్షియల్ అంటారు.

పొటెన్షియల్ = పని ÷ ఆవేశం

పనిని జౌళ్లలోను, ఆవేశాన్ని కూలుంబులలోను కొలిస్తే పొటెన్షియల్ వోల్టులలో వస్తుంది. పొటెన్షియల్ అదిశరాశి. అంటే దానికి పరిమాణమే గాని దిశ లేదు. కనుక ప్రతి బిందువు వద్ద ఒక సంఖ్యను వేసుకుంటూ పోయి, ఒకే సంఖ్య గల బిందువులను కలిపితే సమశక్మ తలం వస్తుంది. రెండు బిందువుల నడుమ ఒక ఆవేశాన్ని జరపడానికి చేయవలసిన పని, ఆ ఆవేశాన్ని రెండు బిందువుల పొటెన్షియల్ తేడాతో గుణిస్తే వస్తుంది. రెండు బిందువులూ ఒకే సమశక్మ తలంపై ఉంటే తేడా శూన్యం, కనుక పని కూడా శూన్యం. నడిచిన దారి వంకరగా ఉన్నా, మధ్యలో ఆ తలాన్ని విడిచి మరల చేరినా ఈ ఫలితం మారదు.

ఇదంతా స్థిర విద్యుత్ క్షేత్రాలకు వర్తించే మాట. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తులో మార్పు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి, ఏదో ఒక క్షణంలోని పరిస్థితికి ఈ భావనను దాదాపు యథాతథంగా వాడుకోవచ్చు.

ధర్మాలు

* విద్యుత్ బలరేఖలు సమశక్మ తలాలకు ఎల్లప్పుడూ లంబంగా ఉంటాయి. తలం వెంబడి క్షేత్రానికి కొంత అంశ ఉన్నదనుకుంటే, ఆ దిశలో ఆవేశాన్ని జరిపినప్పుడు పని జరుగుతుంది. అది నిర్వచనానికి విరుద్ధం.
* క్షేత్ర తీవ్రత పొటెన్షియల్ ప్రవణతకు సమానం. రెండు దగ్గరి తలాల పొటెన్షియల్ తేడాను వాటి నడుమ లంబ దూరంతో భాగిస్తే క్షేత్ర తీవ్రత వస్తుంది. దాని దిశ పొటెన్షియల్ తగ్గే వైపు ఉంటుంది. ప్రమాణం మీటరుకు వోల్టు.
* వేర్వేరు విలువలు గల రెండు సమశక్మ తలాలు ఎన్నడూ ఖండించుకోవు. ఖండించుకుంటే ఒకే బిందువుకు రెండు పొటెన్షియల్ విలువలు ఉండవలసి వస్తుంది.
* క్షేత్రం శూన్యమైన బిందువు వద్ద మాత్రం ఒకే విలువ గల తలం తనను తాను ఖండించుకోవచ్చు. సమానమైన రెండు ధనావేశాల నడుమ సరిగ్గా మధ్య బిందువు వద్ద ఇదే జరుగుతుంది. ఆ బిందువు గుండా పోయే సమశక్మ రేఖ పక్కకు పడుకోబెట్టిన ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది.

వివిధ ఆవేశాల సమశక్మ తలాలు

బిందు ఆవేశం: ఒంటరి బిందు ఆవేశం చుట్టూ సమశక్మ తలాలు ఏకకేంద్ర గోళాలు. ఒక నానోకూలుంబు ధనావేశాన్ని తీసుకుంటే, ఒక మీటరు దూరంలో పొటెన్షియల్ 9 వోల్టులు. దూరం తగ్గేకొద్దీ అదే నిష్పత్తిలో పొటెన్షియల్ పెరుగుతుంది. పది పది వోల్టుల తేడాతో గోళాలను గీస్తే వాటి వ్యాసార్ధాలు ఇలా ఉంటాయి.

* 90 వోల్టులు: 10 సెంటీమీటర్లు
* 80 వోల్టులు: 11.25 సెంటీమీటర్లు
* 60 వోల్టులు: 15 సెంటీమీటర్లు
* 40 వోల్టులు: 22.5 సెంటీమీటర్లు
* 30 వోల్టులు: 30 సెంటీమీటర్లు
* 20 వోల్టులు: 45 సెంటీమీటర్లు
* 10 వోల్టులు: 90 సెంటీమీటర్లు

90 నుంచి 80కి దిగడానికి ఒకటింబావు సెంటీమీటరు చాలు. 20 నుంచి 10కి దిగడానికి 45 సెంటీమీటర్లు కావాలి. ఆవేశానికి దగ్గరలో క్షేత్రం ఎంత తీవ్రమో ఈ అంకెలే చెబుతున్నాయి.

సమాంతర పలకలు: ఐదు సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు పెద్ద లోహపు పలకల నడుమ 100 వోల్టుల తేడా కల్పిస్తే, వాటి మధ్య క్షేత్రం మీటరుకు 2000 వోల్టులు. సమశక్మ తలాలు పలకలకు సమాంతరంగా ఉంటాయి. సెంటీమీటరుకు 20 వోల్టుల చొప్పున సమాన దూరాలలో అమరి ఉంటాయి. పలకల అంచుల వద్ద మాత్రం ఇవి వంపు తిరుగుతాయి.

పొడవైన తీగ: ఆవేశం గల పొడవైన తిన్నని తీగ చుట్టూ సమశక్మ తలాలు తీగనే అక్షంగా గల స్తూపాలు.

ద్విధ్రువం: సమానమైన ధన, ఋణ ఆవేశాల జంటను విద్యుత్ ద్విధ్రువం అంటారు. రెండింటికీ సరిగ్గా మధ్యగా, వాటిని కలిపే రేఖకు లంబంగా ఉండే సమతలం అంతటా పొటెన్షియల్ శూన్యం. కాని ఆ తలంపై క్షేత్రం శూన్యం కాదు.

వాహకాలు

స్థిర విద్యుత్ స్థితిలో ఉన్న వాహకం యావత్తూ ఒకే పొటెన్షియల్ వద్ద ఉంటుంది. దాని ఉపరితలం సమశక్మ తలం. వాహకంలో రెండు చోట్ల పొటెన్షియల్ వేరుగా ఉంటే, అందులోని స్వేచ్ఛా ఎలక్ట్రానులు ఆ తేడా తీరేవరకు కదులుతాయి. ఈ కారణం చేతనే వాహకపు ఉపరితలం నుంచి బలరేఖలు లంబంగా వెలువడతాయి. మొనదేలిన భాగాల వద్ద బయటి సమశక్మ తలాలు ఒత్తుగా చేరడం వలన అక్కడ క్షేత్రం తీవ్రంగా ఉంటుంది. మేడలపై నిలిపే పిడుగు వాహకంలో ఈ సూత్రమే ఉన్నది.

లోపల ఆవేశాలు లేని బోలు వాహకంలో, ఆ ఖాళీ అంతటా పొటెన్షియల్ వాహకం పొటెన్షియల్‌కు సమానం. క్షేత్రం శూన్యం. 1836లో మైకేల్ ఫారడే లోహపు రేకు తొడిగిన పెద్ద పంజరంలాంటి గదిని నిర్మించి, దానికి బయట నుంచి ఎంత ఆవేశమిచ్చినా లోపలి పరికరాలపై ప్రభావం లేదని చూపించాడు.

చరిత్ర

1770 ప్రాంతంలో హెన్రీ కేవెండిష్ విద్యుదీకరణ స్థాయి అనే భావనను వాడాడు. అది నేటి పొటెన్షియల్‌కు దగ్గరగా ఉన్నది. అయితే ఆయన పత్రాలలో చాలా భాగం జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1879లో ప్రచురించేవరకు వెలుగు చూడలేదు. గురుత్వ క్షేత్రానికి సంబంధించి లగ్రాంజ్, లాప్లాస్ చేసిన గణితాన్ని పాయిసాన్ 1813లో విద్యుత్తుకు అన్వయించాడు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వద్ద తండ్రి గాలిమరలో పిండి పడుతూ సొంతంగా గణితం నేర్చుకున్న జార్జ్ గ్రీన్ 1828లో చందాదారుల సహాయంతో ప్రచురించిన వ్యాసంలో పొటెన్షియల్ అనే పేరు పెట్టాడు. 1873లో వెలువడిన మాక్స్‌వెల్ గ్రంథంలో బలరేఖలనూ సమశక్మ తలాలనూ కలిపి గీసిన పటాలు ఉన్నాయి. 1912లో కాన్రాడ్ ష్లంబర్జే ఫ్రాన్సులోని నార్మండీలో నేలలోకి విద్యుత్తును పంపి, నేలపై సమశక్మ రేఖలను కొలిచి పటం గీశాడు. విద్యుత్ పద్ధతిలో భూగర్భాన్ని పరిశోధించే శాస్త్రానికి అది తొలి అడుగులలో ఒకటి.

ప్రయోగశాలలో గీయడం

సమశక్మ రేఖలను విద్యార్థులు తేలికగా గీయవచ్చు. కావలసినవి అడుగు చదునుగా ఉన్న గాజు పళ్లెం, గ్రాఫు కాగితాలు రెండు, రెండు రాగి ముక్కలు, ఆరు వోల్టుల బ్యాటరీ, ఒక వోల్టు మీటరు.

# గ్రాఫు కాగితాన్ని పళ్లెం అడుగున బయట అతికించి, పళ్లెంలో సెంటీమీటరు లోతున కుళాయి నీరు పోయాలి.
# రాగి ముక్కలను ఎదురెదురుగా ఉంచి బ్యాటరీకి కలపాలి.
# వోల్టు మీటరు ఒక కొసను బ్యాటరీ ఋణ ధ్రువానికి కలిపి, రెండో కొసను నీటిలో నిలువుగా ముంచి కదుపుతూ పోవాలి.
# మీటరు 1 వోల్టు చూపే బిందువులన్నింటినీ రెండో గ్రాఫు కాగితంపై గుర్తించి కలపాలి. 2, 3, 4, 5 వోల్టులకు కూడా అట్లే చేయాలి.
# ఈ రేఖలకు లంబంగా గీతలు గీస్తే అవే క్షేత్ర రేఖలు.

నడుమ ఒక లోహపు ఉంగరాన్ని ఉంచి మరల కొలిస్తే, ఉంగరం లోపల అంతటా మీటరు ఒకే విలువ చూపుతుంది. ఈ ప్రయోగాన్ని బ్యాటరీతోనే చేయాలి. ఇంటి కరెంటుతో చేయడం ప్రాణాంతకం.

భూగర్భ జలాల అన్వేషణ

పై ప్రయోగాన్ని పళ్లెంలో కాక పొలంలో చేస్తే అది భూభౌతిక సర్వే అవుతుంది. కొల్లేరు చుట్టూ ఉన్న పల్లపు భూములకు కాలువలు ఉన్నాయి. చింతలపూడి వైపు మెట్ట భూములు మాత్రం ఎక్కువగా బోర్లపై ఆధారపడినవి. ఆయిల్ పామ్ తోటలు అధికంగా ఉన్న ప్రాంతమిది. ఆయిల్ పామ్‌పై జాతీయ స్థాయి పరిశోధనా సంస్థ కూడా ఏలూరు సమీపంలోని పెదవేగిలోనే ఉన్నది. బోరు వేసి నీరు పడకపోతే రైతు పెట్టుబడి నేలపాలవుతుంది. కొబ్బరికాయతోనో వేపపుల్లతోనో నీటి జాడ చెప్పించుకునే అలవాటు పల్లెలలో ఉన్నది గాని, ఆ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదు. విద్యుత్ నిరోధకత సర్వే కొలతలపై ఆధారపడినది.

ఈ సర్వేలో నేలలో నాలుగు లోహపు కడ్డీలను ఒకే వరుసలో సమాన దూరంలో పాతుతారు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ వెన్నర్ పేరు మీదుగా దీనిని వెన్నర్ అమరిక అంటారు. చివరి రెండు కడ్డీల ద్వారా నేలలోకి విద్యుత్తును పంపుతారు. నడిమి రెండు కడ్డీలు ఏ రెండు సమశక్మ తలాలపై ఉన్నాయో, వాటి నడుమ వోల్టేజిని కొలుస్తారు. నేల అంతటా ఒకే రకంగా ఉంటే ఒక్కొక్క కడ్డీ చుట్టూ, దానికి దగ్గరలో, సమశక్మ తలాలు బోర్లించని గిన్నెల వలె అర్ధగోళాకారంలో ఉంటాయి. లోపల బంకమన్ను, నీరున్న ఇసుకరాయి, గట్టి రాయి వంటి పొరలుంటే ఆ తలాల ఆకారం, ఎడం మారతాయి.

నిరోధకత = 2 × 3.14 × కడ్డీల ఎడం × (వోల్టేజి ÷ విద్యుత్ ప్రవాహం)

ఉదాహరణకు కడ్డీల ఎడం 10 మీటర్లు, ప్రవాహం 100 మిల్లీ ఆంపియర్లు, వోల్టేజి 320 మిల్లీ వోల్టులు అనుకుంటే, నిరోధకత సుమారు 200 ఓమ్ మీటర్లు. కడ్డీల ఎడం పెంచుతూ పోతే ఇంకా లోతైన పొరల ప్రభావం కొలతలో చేరుతుంది.

నిరోధకత తక్కువగా ఉన్నంత మాత్రాన మంచినీరు ఉన్నట్లు కాదు. బంకమన్నుకు, ఉప్పునీటికి కూడా నిరోధకత తక్కువే. సముద్ర తీరం వైపు పోయేకొద్దీ ఈ జాగ్రత్త మరింత అవసరం. గోదావరి లోయలోని గోండ్వానా శిలలలో ఒక భాగాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు చింతలపూడి ఉప హరివాణం అని పిలుస్తారు. ఇటువంటి ఇసుకరాతి పొరలున్న చోట కొలతను స్థానిక శిలల పరిజ్ఞానంతో కలిపి చదవవలసి ఉంటుంది.

తీగపై వాలిన పక్షి

కొల్లేరు తీరంలో కైకలూరు దగ్గర ఉన్న ఆటపాక గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు ప్రసిద్ధి. 11 కిలోవోల్టుల తీగపై పక్షి నిశ్చింతగా వాలడానికి కారణం దాని రెండు కాళ్లూ దాదాపు ఒకే పొటెన్షియల్ వద్ద ఉండడమే. మీటరుకు 0.0005 ఓము నిరోధం గల తీగలో 100 ఆంపియర్లు పారుతున్నాయనీ, కాళ్ల ఎడం 5 సెంటీమీటర్లనీ అనుకుంటే, ఆ రెండు కాళ్ల నడుమ తేడా 2.5 మిల్లీ వోల్టులు మాత్రమే. తీగ పొటెన్షియల్ వేల వోల్టులున్నా పక్షికి తగిలే తేడా అంతే. కాని గూడబాతు రెక్కల విస్తారం రెండు మీటర్లకు పైగా ఉంటుంది. ఎగిరేటప్పుడు రెక్కలు రెండు తీగలను ఒకేసారి తాకితే, లేదా ఒక తీగను, ఎర్తు అయిన స్తంభపు ఇనుమును తాకితే ఆ పక్షి బతకదు. హాని చేసేది పొటెన్షియల్ కాదు, పొటెన్షియల్ తేడా.

తెగిపడిన తీగ, అడుగు వోల్టేజి

గాలివానలకు తెగి నేలపై పడిన తీగ చుట్టూ నేలలో సమశక్మ తలాలు ఏర్పడతాయి. తీగ కొస ఒకే చోట నేలను తాకితే నేల ఉపరితలంపై సమశక్మ రేఖలు వలయాలుగా ఉంటాయి. తీగ పొడవునా నేలపై పడి ఉంటే అవి సాగిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మనిషి రెండు పాదాలు వేర్వేరు వలయాలపై ఉన్నప్పుడు ఆ రెండింటి నడుమ తేడాను అడుగు వోల్టేజి అంటారు. తీగను తాకకపోయినా ఈ వోల్టేజి వలన ఒక కాలి నుంచి మరొక కాలికి విద్యుత్తు ప్రవహిస్తుంది.

నేల నిరోధకత 100 ఓమ్ మీటర్లు, నేలలోకి పోయే విద్యుత్తు 20 ఆంపియర్లు అనుకుందాం. అప్పుడు నేలపై పొటెన్షియల్ ఇలా ఉంటుంది.

* 1 మీటరు దూరంలో: 318 వోల్టులు
* 2 మీటర్ల దూరంలో: 159 వోల్టులు
* 5 మీటర్ల దూరంలో: 64 వోల్టులు
* 10 మీటర్ల దూరంలో: 32 వోల్టులు

తీగకు 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషి 75 సెంటీమీటర్ల అడుగు వేస్తే అతని పాదాల నడుమ సుమారు 43 వోల్టుల తేడా ఉంటుంది. 10 మీటర్ల దూరంలో అదే అడుగుకు తేడా 2 వోల్టుల పైచిలుకు మాత్రమే. పశువుల ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు మధ్య ఒకటిన్నర మీటరు ఎడం ఉన్నదనుకుంటే, 2 మీటర్ల దూరంలో వాటికి తగిలేది సుమారు 68 వోల్టులు. పైగా విద్యుత్తు వాటి గుండె మీదుగా పోతుంది. మనిషి తప్పుకున్న చోట కూడా గేదె, ఎద్దు చనిపోవడానికి కారణమిదే. పిడుగు పడినప్పుడు చెట్టు కింది పశువులు గుంపుగా చనిపోవడంలో కూడా ఈ వోల్టేజి పాత్ర ఉన్నది. 2016 ఆగస్టులో నార్వేలోని ఒక పీఠభూమిపై పిడుగుపాటుకు 323 రెయిన్‌డీర్లు ఒకేచోట మరణించాయి.

పై అంకెలు లెక్కను వివరించడానికి తీసుకున్నవి. వాస్తవంలో ప్రవాహం, నేల తడి, తీగ పడిన తీరు చోటు చోటుకూ మారతాయి. పొడి నేలలో ప్రవాహం తక్కువగా ఉండి సబ్ స్టేషనులోని బ్రేకరు పడకపోవచ్చు. అంటే తెగిన తీగలో కరెంటు ఇంకా ఉండవచ్చు. తడి నేలలో మనిషి చర్మపు నిరోధం పడిపోతుంది. శరీరం గుండా పోయే 50 హెర్ట్జుల విద్యుత్తు పది మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని పట్టు వదలలేని స్థితి రావచ్చు. యాభై నుంచి వంద మిల్లీ ఆంపియర్లు గుండె లయను చెడగొట్టగలవు.

అందుచేత పాటించవలసిన నియమాలు ఇవి.

* తెగిపడిన తీగకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. పశువులను, పిల్లలను ఆ వైపు పోనీయరాదు. కర్రతో తీగను జరపడానికి ప్రయత్నించరాదు.
* దగ్గరలో ఉండగానే తీగ పడితే పరుగెత్తరాదు. రెండు పాదాలను దగ్గరగా ఆనించి ఉంచి, నేల నుంచి ఎత్తకుండా చిన్న చిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి. ఈ విధంగా పాదాలు రెండూ దాదాపు ఒకే సమశక్మ రేఖపై ఉంటాయి.
* తీగ ట్రాక్టరు మీదనో కారు మీదనో పడితే, మంటలు లేనంతవరకు లోపలే కదలకుండా ఉండాలి. తప్పనిసరిగా దిగవలసివస్తే వాహనాన్ని, నేలను ఒకేసారి తాకకుండా రెండు పాదాలు కలిపి దూకాలి.
* కింద పడినవారిని వెంటనే పట్టుకోరాదు. విద్యుత్ సంస్థవారికి 1912 నంబరుకు తెలిపి, సరఫరా ఆపినట్లు నిర్ధారించుకున్న తరువాతే దగ్గరకు పోవాలి.

సమశక్మ బంధనం

ప్రమాదానికి కారణం పొటెన్షియల్ తేడా కనుక, మనిషి ఒకేసారి తాకగల వస్తువులన్నింటినీ ఒకే పొటెన్షియల్ వద్ద ఉంచడం రక్షణ పద్ధతి. దీనిని సమశక్మ బంధనం అంటారు.

* పొలంలోని మోటారు, స్టార్టరు డబ్బా, ఇనుప గొట్టాలు ఎర్తు తీగతో కలిపి ఉండాలి. చేపల చెరువులలోని ఏరియేటర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎర్తు సరిగా ఉంటే లోపల తీగ తెగి మోటారు ఒంటికి తగిలినా ఫ్యూజు పోయి సరఫరా ఆగుతుంది.
* సబ్ స్టేషను నేల కింద లోహపు కడ్డీలతో వల అల్లుతారు. లోపం ఏర్పడినప్పుడు ఆ ఆవరణలోని నేల పొటెన్షియల్ అంతా ఇంచుమించు కలిసి పెరుగుతుంది. పైన పరిచిన కంకర, దాని అధిక నిరోధకత వలన, కాళ్ల గుండా పోయే విద్యుత్తును తగ్గిస్తుంది.
* సరఫరా ఆపకుండా హైటెన్షన్ తీగలపై పనిచేసే నిపుణులు లోహపు దారాలు కలిపి నేసిన దుస్తులు ధరించి, తామే తీగ పొటెన్షియల్‌కు చేరి పనిచేస్తారు. వారు నేలను గాని, మరో తీగను గాని తాకరు.

సాధారణంగా పొరబడే విషయాలు

* పొటెన్షియల్ శూన్యమైన చోట క్షేత్రం కూడా శూన్యం కావాలని లేదు. ద్విధ్రువపు మధ్య తలం ఇందుకు ఉదాహరణ.
* క్షేత్రం శూన్యమైన చోట పొటెన్షియల్ శూన్యం కావాలని లేదు. ఆవేశం గల బోలు గోళం లోపలి భాగం ఇందుకు ఉదాహరణ.
* సమశక్మ రేఖ అంతటా క్షేత్ర తీవ్రత ఒకటే అనుకోరాదు. ఒకే కాంటూరు రేఖ ఒకచోట చదును నేలలోను, మరొకచోట నిటారు గట్టు మీదను పోవచ్చు కదా.
* భూమి పొటెన్షియల్ శూన్యం అనేది మనం ఎంచుకున్న ఏర్పాటు. తెగిన తీగ దగ్గర నేల పొటెన్షియల్ శూన్యం కాదని పైన చూశాము.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ క్షేత్రం
* విద్యుత్ పొటెన్షియల్
* కూలుంబ్ నియమం
* సమోన్నత రేఖలు
* కొల్లేరు సరస్సు
* చింతలపూడి